2³¹ − 1: ఒక పెద్ద ప్రధాన సంఖ్యను కాగితం మీద పరీక్షించడానికి సమగ్ర మార్గదర్శి

214,74,83,647. మాటల్లో చెప్పుకుంటే రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. 1, మళ్లీ తాను తప్ప మరే సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగించదని గణితజ్ఞుడు లియొనార్డ్ ఆయిలర్ నిర్ధారించి, 1772లో బెర్నూలీకి రాసిన లేఖలో ఆ సంగతి తెలియజేశాడు. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు మనుషులకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటిలోకీ పెద్దది ఇదే.

నేటి ఫోను ఈ సంఖ్యను రెప్పపాటులో తేల్చేస్తుంది. అయినా నేర్చుకోవడానికి ఇంతకంటే తగిన సంఖ్య నాకు కనిపించలేదు. గుడ్డిగా భాగిస్తూ పోతే ఓపిక చాలనంత పెద్దది, ఆలోచించి భాగిస్తే ఒక నోటుపుస్తకంలో ఇమిడిపోయేంత చిన్నది. దీని లక్షణాలన్నీ ఒకే ఒక్క మాటలోంచి పుట్టుకొస్తాయి: 2³¹ను ఈ సంఖ్యతో భాగిస్తే శేషం 1. కింది మెట్లన్నీ ఆ ఒక్క మాటను రకరకాలుగా వాడుకోవడమే కాబట్టి, దాన్ని పుస్తకం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి.

కావలసిన సామగ్రి కొద్దిదే: గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, పన్నెండు అంకెలు చూపే మామూలు కాలిక్యులేటరు. భాగహారంలో శేషం అంటే ఏమిటో, 2³ × 2⁵ = 2⁸ ఎందుకవుతుందో తెలిసిన పదో తరగతి విద్యార్థి ఎవరైనా అయిదో మెట్టు వరకు ఒంటరిగా రాగలరు. ఆ తరువాతి మెట్లకు కొంచెం ఎక్కువ నిదానం కావాలి.

మొదటి మెట్టు: సంఖ్యను కట్టడం

2ను ముప్పై ఒక్కసారి గుణించనక్కరలేదు. పింగళుడు ఛందశ్శాస్త్రం చివరి అధ్యాయంలో చెప్పిన ఉపాయం మన దగ్గరే ఉంది. ఘాతాంకం సరి సంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే ఒకటి తీసేయాలి, సున్నా వచ్చే వరకు ఇలా దిగాలి. తరువాత 1తో మొదలుపెట్టి వచ్చిన దారినే వెనక్కి ఎక్కుతూ, ఒకటి తీసిన చోట రెట్టింపు చేయాలి, సగం చేసిన చోట వర్గం చేయాలి. 31 నుంచి దిగితే 30, 15, 14, 7, 6, 3, 2, 1, 0 వస్తాయి. ఎక్కేటప్పుడు 1, 2, 4, 8, 64, 128, 16,384, 32,768, 107,37,41,824, చివరికి 214,74,83,648. నాలుగు వర్గాలు, అయిదు రెట్టింపులతో పని ముగిసింది. ఇందులోంచి 1 తీసేస్తే మన సంఖ్య.

పింగళుడికి ఈ లెక్క ఎందుకు అవసరమైందో పద్యం చదువుకున్నవారికి వెంటనే తెలుస్తుంది. ఒక్కో అక్షరం గురువో లఘువో కావచ్చు కాబట్టి మూడక్షరాలకు 2³, అంటే ఎనిమిది గణాలు. ఇరవై అక్షరాల ఉత్పలమాల పాదం 2²⁰ ప్రస్తార భేదాల్లో, అంటే గురు లఘువుల అమరికలన్నింటిలో, ఒకటి. అలాగే ముప్పై ఒక్క అక్షరాల పాదాన్ని ఊహించి ప్రస్తారం వేస్తే, మొదటి వరుసలో వచ్చే సర్వగురువును పక్కన పెట్టగా మిగిలే భేదాల సంఖ్య సరిగ్గా 214,74,83,647. దీన్ని 0, 1 అనే రెండే అంకెలు వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే ముప్పై ఒక్క ఒకట్లు వరుసగా నిలబడతాయి, మధ్యలో ఒక్క సున్నా ఉండదు. ముప్పై రెండు బిట్లలో (0 గానీ 1 గానీ పట్టే గడుల్లో) ఒకదాన్ని ధన, రుణ గుర్తు కోసం కేటాయించే కంప్యూటర్లలో పట్టే అతి పెద్ద పూర్ణాంకం ఇదే కావడానికి కారణం అదే. సెకన్లను 1970 నుంచి ఆ పద్ధతిలో లెక్కపెట్టే గడియారాలు 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు, ఈ సంఖ్యను చేరుకుంటాయి, ఆ తరువాతి సెకనుకు వాటిలో చోటు ఉండదు.

రెండో మెట్టు: ఎంత దూరం వెతకాలో నిర్ణయించుకోవడం

ఒక సంఖ్యకు భాజకాలు జంటలుగా వస్తాయి, ప్రతి జంటలోనూ చిన్నది వర్గమూలాన్ని దాటదు. 46,340 వర్గం 214,73,95,600. 46,341 వర్గం 214,74,88,281. మన సంఖ్య ఈ రెంటి మధ్య ఉంది కాబట్టి 46,340 వరకు వెతికితే చాలు. ఆ లోపల ఉన్న ప్రధాన సంఖ్యలు 4,792. రోజుకు యాభై భాగహారాలు చేసినా మూడు నెలలు దాటుతుంది. 1588లో ఇటలీ గణితజ్ఞుడు కతాల్ది 2¹⁷ − 1, 2¹⁹ − 1లను ఇలాగే, ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించి పరీక్షించాడు. అదే ధీమాతో ఘాతాంకాలు 23, 29, 31, 37లకు కూడా ప్రధాన సంఖ్యలే వస్తాయని చెప్పాడు గానీ, వాటిలో 31 ఒక్కటే నిజమైంది. ఆకారం ఒకటే అయినంత మాత్రాన ప్రధానం కాదు. ఆ తేడాను పట్టుకునే పనిముట్టే మూడో మెట్టు.

మూడో మెట్టు: భాజకం ఉంటే అది ఏ రూపంలో ఉండాలి?

ఈ మార్గదర్శికి గుండెకాయ ఈ మెట్టే. తొందరపడకుండా రెండుసార్లు చదవండి.

మన సంఖ్యకు ప అనే ప్రధాన భాజకం ఉందని అనుకుందాం. అప్పుడు 2³¹ − 1ను ప నిశ్శేషంగా భాగిస్తుంది, అంటే 2³¹ను ప తో భాగిస్తే శేషం 1. ఇప్పుడు 2, 2², 2³ అంటూ వరుసగా ప తో భాగించుకుంటూ పోతే, శేషం 1 మొదటిసారి ఎక్కడ వస్తుంది? ఒకసారి 1 వచ్చిందంటే అక్కడి నుంచి వరుస మళ్లీ మొదటికి వస్తుంది, కాబట్టి ఆ మొదటి చోటు 31ని భాగించి తీరాలి. 31 స్వయంగా ప్రధాన సంఖ్య కనుక ఆ చోటు 1 గానీ 31 గానీ కావాలి. 1 అయితే 2ను ప తో భాగించగా 1 మిగలాలి, అది ఏ ప్రధాన సంఖ్యకూ సాధ్యం కాదు. కాబట్టి సరిగ్గా 31 దగ్గరే వస్తుంది. ఇటు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2ను (ప − 1) సార్లు గుణించినా ప తో శేషం 1 వస్తుంది. ఈ రెంటినీ కలిపితే ప − 1ని 31 భాగించాలి. ప బేసి సంఖ్య, కాబట్టి ప − 1 సరి సంఖ్య. అందువల్ల ప − 1ని 62 భాగిస్తుంది. అంటే ప ను 62తో భాగిస్తే 1 మిగలాలి. ఈ ఒక్క షరతుతోనే 46,340 లోపు పరీక్షించవలసినవి 747కు పడిపోయాయి.

రెండో షరతు ఇంకా అందమైనది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ యొక్క వర్గం. అంటే ప తో భాగించేటప్పుడు 2 అనేది ఒక వర్గానికి శేషంగా వస్తోంది. ఇలాంటి అవకాశం ఏ ప్రధాన సంఖ్యలకు ఉంటుందో సంఖ్యాశాస్త్రం ఎప్పుడో తేల్చింది: 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలే వాటికి మాత్రమే. నమ్మకం కుదరడానికి చిన్నవాటితో చూసుకోండి. 3² అంటే 9, దాన్ని 7తో భాగిస్తే 2. 6² అంటే 36, దాన్ని 17తో భాగిస్తే 2. 5² అంటే 25, దాన్ని 23తో భాగిస్తే 2. అదే 11తో ప్రయత్నిస్తే వర్గాలకు 1, 4, 9, 5, 3 అనే శేషాలే తిరుగుతుంటాయి, 2 ఎన్నటికీ రాదు. 5కూ 13కూ అంతే.

ఇక రెండు షరతులనూ కలపాలి. 62తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలను వరుసగా రాస్తే 1, 63, 125, 187, 249 వస్తాయి. వీటిని 8తో భాగించినప్పుడు శేషాలు 1, 7, 5, 3, మళ్లీ 1. నాలుగేసి అడుగులకు ఒక ఆవృత్తి, అందులో మొదటి రెండే పనికొస్తాయి. కాబట్టి 248 చొప్పున పెరిగే రెండు వరుసలు మిగిలాయి: 249, 497, 745 అంటూ పోయేది ఒకటి, 63, 311, 559 అంటూ పోయేది మరొకటి. మొదటి వరుస 46,129 దగ్గర, రెండోది 46,191 దగ్గర ఆగుతాయి. 63 ఎలాగూ ప్రధానం కాదు కాబట్టి దాన్ని వదిలేస్తే మొత్తం 372. ఆయిలర్ చేతికి అందిన జాబితా ఇదే.

పనిముట్టు సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎప్పుడూ భాజకం ఉన్న చోట పరీక్షించుకోవాలి. 2²³ − 1 తీసుకోండి, విలువ 83,88,607. ఇక్కడ 62కు (2 × 31) బదులు 46 (2 × 23). మొదటి అభ్యర్థి 47, దాన్ని 8తో భాగిస్తే 7. రెండు షరతులూ కుదిరాయి, మొదటి దెబ్బకే 83,88,607 = 47 × 1,78,481 అని తేలిపోయింది. 2³⁷ − 1కు 62 బదులు 74: మొదటి అభ్యర్థి 75 సంయుక్త సంఖ్య, 149ని 8తో భాగిస్తే 5 మిగులుతుంది కాబట్టి అదీ పోయింది, ఆ తరువాతి 223 భాజకమే. ఈ 47ను, 223ను ఫెర్మా 1640లో పట్టుకున్నాడు. కతాల్ది నమ్మకం అక్కడే చెదిరింది.

నాలుగో మెట్టు: జల్లెడ పట్టడం

రెండు వరుసలనూ నోటుపుస్తకంలో పక్కపక్కన రాయండి. 3, 5, 7, 11, 13 వంటి చిన్న సంఖ్యల గుణిజాలను కొట్టేయండి. ఒక వరుసలో 3 గుణిజం ఒకచోట కనిపిస్తే అక్కడి నుంచి ప్రతి మూడో సంఖ్యా 3 గుణిజమే, 5 గుణిజం కనిపిస్తే ప్రతి అయిదోదీ అంతే. కాబట్టి విడివిడిగా భాగించి చూడనక్కరలేదు, వేలితో అడుగులు లెక్కపెట్టుకుంటూ గీత గీస్తే చాలు. 2,543 వరకు రెండు వరుసల్లోనూ కలిపి ఇరవై ఒక్క సంఖ్యలు ఉంటే, చివరికి నిలిచేవి నాలుగే: 311, 1,303, 1,489, 2,543. మొత్తం జాబితాలో ఎనభైకి అటూ ఇటూగా మిగులుతాయి. పొరపాటున ఒక సంయుక్త సంఖ్యను కొట్టేయకుండా ఉంచినా నష్టం లేదు, ఒక భాగహారం దండగ అవుతుంది, అంతే. ఒక ప్రధాన సంఖ్యను పొరపాటున కొట్టేస్తే మాత్రం నిరూపణ మొత్తం చెల్లదు. అనుమానం ఉన్నదాన్ని ఉంచేయడమే మంచిది.

అయిదో మెట్టు: ఒక్కొక్క అభ్యర్థినీ పరీక్షించడం

ఇక్కడ చాలామంది పదంకెల సంఖ్యను నేరుగా భాగించడం మొదలుపెడతారు. అవసరం లేదు. 2³¹ శేషం 1 అవుతుందా అని అడగడం, 2³² శేషం 2 అవుతుందా అని అడగడం బేసి భాజకాల విషయంలో ఒకటే. 2³²కు చేరడానికి వర్గాలు చాలు: 2⁸ = 256, దాని వర్గం 2¹⁶ = 65,536, దాని శేషానికి వర్గం 2³². అంటే ప్రతి అభ్యర్థికీ పని రెండు వరుసలే. మొదటి వరుసలో 65,536ను భాగించి శేషం రాయాలి, రెండో వరుసలో ఆ శేషానికి వర్గం చేసి మళ్లీ భాగించాలి. చివర 2 వస్తే భాజకం దొరికినట్టు, రాకపోతే తరువాతిదానికి వెళ్లాలి.

311తో మొదలుపెడదాం. 65,536ను 311తో భాగిస్తే 226 మిగులుతుంది. 226 కంటే 311 − 226 = 85తో పని తేలిక, గుర్తు మారినా వర్గం మారదు కదా. 85 వర్గం 7,225, దాన్ని 311తో భాగిస్తే 72. 2 కాదు, 311 పోయింది. 1,489 ఇంకా సుఖం: 65,536లో 44 సార్లు పోయి 20 మిగులుతుంది, 20 వర్గం 400, అది 1,489 కంటే చిన్నది కాబట్టి అక్కడే ఆగిపోతుంది. 2,543కు మొదటి శేషం 1,961, బదులుగా 582 తీసుకుంటే వర్గం 3,38,724, చివరి శేషం 505.

1,303ను కొంచెం దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే తప్పులు దొర్లేది ఇలాంటి చోటే. 65,536లోంచి 1,303 × 50 = 65,150 తీసేస్తే 386. 386 వర్గం 1,48,996. 1,303 × 114 = 1,48,542. తేడా 454. ఈ లెక్క సరైనదని ఎలా తెలుస్తుంది? అంకెలు కూడి చూసుకునే పాత పద్ధతి ఇక్కడ ఎంతో ఆదుకుంటుంది. 386 అంకెల మొత్తం 17, అంటే 8. 8 వర్గం 64, అంటే 10, అంటే 1. 1,48,996 అంకెల మొత్తం 37, అంటే 10, అంటే 1. సరిపోయింది. 1,303కు 7, 114కు 6, లబ్ధం 42, అంటే 6. 1,48,542 అంకెల మొత్తం 24, అంటే 6. ఇదీ సరిపోయింది. నేను నోటుపుస్తకంలో ప్రతి వరుస పక్కన ఒక చిన్న గడి ఈ సరిచూపుకే వదిలేస్తాను. ఎనభై వరుసల పనిలో ఒక్క అంకె తారుమారైనా ఫలితం మీద నమ్మకం పోతుంది, ఈ గడి ఆ భయాన్ని చాలావరకు తీసేస్తుంది. అంకెలు స్థానాలు మారిన తప్పును మాత్రం ఇది పట్టలేదు కాబట్టి, రాసుకున్న సంఖ్యను ఒకసారి పైకి చదవడం అలవాటు చేసుకోండి.

జాబితా చివర 46,191 ఉంటుంది, అంకెల మొత్తం 21 కాబట్టి అది 3 గుణిజం. దానికి ముందున్న 46,129కు మొదటి శేషం 19,407, దాని వర్గం 37,66,31,649, చివరి శేషం 34,493. అదీ 2 కాదు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క చోట కూడా 2 కనిపించకపోతే పరీక్ష ముగిసింది: 214,74,83,647 ప్రధాన సంఖ్య. వరుసకు మూడు నాలుగు నిమిషాలు అనుకుంటే మొత్తం ఒక ఆదివారం పని.

ఆరో మెట్టు: భాజకాల ఊసే లేని మరో నిరూపణ

మూడో మెట్టు ఎంత పిండినా, సంఖ్య పెరిగే కొద్దీ అభ్యర్థులు పెరుగుతూనే ఉంటాయి. 2⁶¹ − 1కు వర్గమూలం నూట యాభై ఒక్క కోట్లు దాటుతుంది, రెండు షరతులూ పెట్టినా అరవై రెండు లక్షలకు పైగా సంఖ్యలు మిగులుతాయి. అక్కడ కావలసినది వేరే దారి. 1876లో ఎడ్వార్డ్ ల్యూకా ఆ దారి వేసి, 39 అంకెల 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని చూపించాడు. డి. హెచ్. లేమర్ 1930లలో దాన్ని నేటి సరళమైన రూపంలోకి తెచ్చాడు.

పద్ధతి ఇది. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి, వచ్చినదాన్ని పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఘాతాంకం కంటే రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్నా అయితే ప్రధానం, కాకపోతే సంయుక్తం. 2⁷ − 1 = 127 మీద అయిదు అడుగులు: 4, 14, 67, 42, 111, 0. ప్రధానం. 2¹¹ − 1 = 2,047 మీద తొమ్మిది అడుగులు: 4, 14, 194, 788, 701, 119, 1,877, 240, 282, 1,736. సున్నా రాలేదు, 2,047 అంటే 23 × 89 కదా. గమనించండి, ఈ పద్ధతి సంయుక్తమని చెబుతుందే కానీ భాజకం ఏదో చెప్పదు. 2⁶⁷ − 1 సంయుక్తమని 1876లోనే తెలిసినా, దాని కారణాంకాలు 19,37,07,721, 761838257287 అని ఫ్రాంక్ నెల్సన్ కోల్ బయటపెట్టింది 1903లో.

మన సంఖ్యకు అడుగులు ఇరవై తొమ్మిది. మొదటి నాలుగు అడుగుల్లో 14, 194, 37,634, 141,63,17,954 వస్తాయి, ఇంతవరకు భాగించే పనే లేదు. అయిదో అడుగు నుంచి పందొమ్మిది అంకెల వర్గాలు మొదలవుతాయి, వాటిని కాలిక్యులేటరు పట్టదు కాబట్టి కాగితం మీద ముక్కలుగా గుణించాలి. భాగించడానికి మాత్రం మొదటి పేజీలో రాసుకున్న మాటే తోడు. 2³¹ను 1గా లెక్కించవచ్చు కనుక, వర్గాన్ని 2³¹తో భాగించి, భాగఫలాన్నీ శేషాన్నీ కూడేస్తే చాలు. 141,63,17,954 వర్గంలోంచి 2 తీసేస్తే 2005956546822746114. ఇందులో 2³¹ పోయే భాగఫలం 93,40,96,307, మిగిలేది 188,30,58,178. రెండూ కూడితే 281,71,54,485, అందులోంచి మన సంఖ్యను ఒకసారి తీసేస్తే 66,96,70,838. అయిదో అడుగు పూర్తయింది. మిగిలినవి చిన్న కంప్యూటర్ ప్రోగ్రాముకు అప్పగించవచ్చు. ఇరవై ఎనిమిదో అడుగులో మాత్రం ఒక పాత పరిచయం ఎదురవుతుంది: శేషం 65,536. దాని వర్గం 2³², అందులోంచి 2 తీసేస్తే 429,49,67,294, అది సరిగ్గా మన సంఖ్యకు రెట్టింపు. కాబట్టి ఇరవై తొమ్మిదో శేషం సున్నా.

ఏడో మెట్టు: చక్రం, వర్గమూలాలు

ప్రధాన సంఖ్య అని తేలింది కాబట్టి, ఇక దాని లోపలి అమరికను చూడవచ్చు. ముప్పై ఒక్క దీపాలను వలయంగా అమర్చి, వెలిగినది 1, ఆరినది 0 అనుకోండి. ఆ వలయం మన సంఖ్య కంటే చిన్నదైన ఏ సంఖ్యనైనా ద్విసంఖ్యామానంలో చూపగలదు. ఆ సంఖ్యను 2తో గుణించి మన సంఖ్యతో భాగించి శేషం తీసుకుంటే, జరిగేదల్లా వలయం ఒక్క గడి తిరగడమే. చివరి నుంచి పడిపోయిన దీపం మొదటికి వచ్చి చేరుతుంది, 2³¹ అంటే 1 కదా. ముప్పై ఒక్కసారి తిప్పితే మొదటి అమరిక తిరిగి వస్తుంది. అందువల్ల 1 నుంచి 214,74,83,646 వరకు ఉన్న సంఖ్యలన్నీ ముప్పై ఒకటేసి గుంపులుగా విడిపోతాయి. గుంపులు మొత్తం 6,92,73,666.

వర్గమూలం తీయడం కూడా ఈ సంఖ్య దగ్గర ఆశ్చర్యపోయేంత తేలిక. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలకు, వర్గ శేషమైన, అంటే ఏదో ఒక వర్గానికి శేషంగా వచ్చే, ఏ సంఖ్యకైనా మూలం కావాలంటే, ప్రధాన సంఖ్యకు 1 కలిపి నాలుగో వంతు తీసుకుని అంతటి ఘాతానికి ఎక్కించాలి. మన సంఖ్యకు 1 కలిపితే 2³¹, దానిలో నాలుగో వంతు 2²⁹. అంటే వరుసగా ఇరవై తొమ్మిది సార్లు వర్గం చేస్తే వర్గమూలం చేతికి వస్తుంది! 2 మీద దీన్ని మనసులోనే సరిచూసుకోవచ్చు. 2 యొక్క ఘాతాలు ముప్పై ఒకటికి ఒకసారి తిరిగి వస్తాయి కాబట్టి, 2²⁹ను 31తో భాగించగా వచ్చే శేషం తెలిస్తే చాలు. 2⁵ = 32, దాని శేషం 1. 29లో అయిదు అయిదులు పోగా నాలుగు మిగులుతుంది, 2⁴ = 16. కాబట్టి 2కు వర్గమూలం 2¹⁶, మనకు తెలిసిన 65,536.

ఎనిమిదో మెట్టు: అన్ని సంఖ్యలనూ చుట్టి వచ్చే 7

2 ముప్పై ఒక్క అడుగుల్లో ఇంటికి తిరిగొస్తుంది. అసలు తిరిగి రాకముందే 1 నుంచి 214,74,83,646 వరకు ప్రతి సంఖ్యనూ సందర్శించే సంఖ్య ఉందా? ఉంది, అలాంటిదాన్ని ఆదిమ మూలం అంటారు. దాన్ని పరీక్షించడానికి ముందు మన సంఖ్య కంటే ఒకటి తక్కువైనదాన్ని విడగొట్టాలి: 214,74,83,646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. గుణించి చూసుకోండి. తరువాత ఈ ఏడు ప్రధాన సంఖ్యల్లో ఒక్కొక్కదానితో 214,74,83,646ను భాగించి, పరీక్షిస్తున్న సంఖ్యను ఆ భాగఫలమంత ఘాతానికి ఎక్కించాలి, మెట్లు ఎక్కడానికి మళ్లీ పింగళుడి ఉపాయమే. ఏడింటిలో ఏ ఒక్కచోటా శేషం 1 రాకపోతే అది ఆదిమ మూలం. ఈ పరీక్షలో నెగ్గే అతి చిన్న సంఖ్య 7. ఇలాంటివి మొత్తం 53,46,00,000, అంటే దాదాపు నాలుగింట ఒకటి.

7 ఆదిమ మూలమైనప్పుడు 7⁵ = 16,807 కూడా అవుతుంది, 214,74,83,646కు 5 కారణాంకం కాదు కాబట్టి. కంప్యూటర్లలో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి లేమర్ చూపిన పద్ధతిలో, 1988లో పార్క్, మిల్లర్ కనీస ప్రమాణంగా సూచించిన గుణకం ఇదే. 1తో మొదలుపెట్టి ప్రతిసారీ 16,807తో గుణించి శేషం తీసుకుంటే 16,807, 28,24,75,249, 162,26,50,073, 98,49,43,658 అంటూ సాగుతుంది. మీరు రాసిన ప్రోగ్రాము సరైనదో కాదో చూసుకోవడానికి పదివేలవ విలువ చూడండి, అది 104,36,18,065 కావాలి. లబ్ధం ముప్పై రెండు బిట్లు దాటిపోతుంది కాబట్టి అరవై నాలుగు బిట్ల చలరాశి వాడాలి. ఒక్క హెచ్చరిక: ఒక విలువ తెలిస్తే తరువాతివన్నీ తెలిసిపోతాయి, అందువల్ల పాస్‌వర్డ్‌లకు గానీ ఓటీపీలకు గానీ దీన్ని ఎన్నడూ వాడకూడదు.

తొమ్మిదో మెట్టు: పరిపూర్ణ సంఖ్య

2³⁰ను మన సంఖ్యతో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే పరిపూర్ణ సంఖ్యల్లో ఇది ఎనిమిదోది. యూక్లిడ్ చూపిన సూత్రమే ఇది. ఇంతకంటే పెద్దదాన్ని ఎవరూ ఎప్పటికీ కనుగొనరని, కుతూహలం తప్ప ప్రయోజనం లేని పనికి ఎవరు పూనుకుంటారని పీటర్ బార్లో 1811లో రాశాడు. 1883లో రష్యాకు చెందిన పెర్వూషిన్ 2⁶¹ − 1 ప్రధానమని చూపించడంతో తొమ్మిదోది వచ్చేసింది. 2024 అక్టోబరులో బయటపడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1కు నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్నాయి. అదీ ఈ కుటుంబంలోదే.

పదో మెట్టు: 2ను మన సంఖ్యంత ఘాతానికి ఎక్కిస్తే?

31 స్వయంగా 2⁵ − 1. అది ప్రధానం, దాన్ని ఘాతాంకంగా పెడితే వచ్చిన మన సంఖ్యా ప్రధానం. మరి మన సంఖ్యనే ఘాతాంకంగా పెట్టి ఒకటి తీసేస్తే? 3 నుంచి 7, 7 నుంచి 127, 127 నుంచి 2¹²⁷ − 1 ప్రధానాలుగా వచ్చాయి కాబట్టి ఆశ కలగడం సహజం. ఆ కొత్త సంఖ్యకు అరవై నాలుగు కోట్లకు పైగా అంకెలుంటాయి, దాన్ని రాసుకోవడం కూడా మన వల్ల కాదు. అయినా మూడో మెట్టు ఇక్కడా యథాతథంగా వర్తిస్తుంది. దాని ప్రధాన భాజకం ఏదైనా సరే, 429,49,67,294తో భాగిస్తే 1 మిగలాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. 429,49,67,294ను 68,745తో గుణించి 1 కలపండి: 295257526626031. చివరి మూడంకెలు 031, అంటే 8తో భాగిస్తే శేషం 7. షరతులు రెండూ కుదిరాయి. ఇప్పుడు అయిదో మెట్టులో చేసిన పనే చేయాలి. 2తో మొదలుపెట్టి వర్గం చేయడం, ఈ పదిహేను అంకెల సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవడం, మళ్లీ వర్గం చేయడం, ఇలా ముప్పై ఒక్కసార్లు. ఒక్కో శేషాన్నీ ఒక్కో వరుసలో రాసుకుంటూ, పక్క గడిలో అంకెల మొత్తం సరిచూసుకుంటూ వెళ్లండి. ముప్పై ఒకటో వరుసలో మిగిలే శేషం 2.